కొక్సొంగమ్మ పోయింది

జనవరి 29

నా పేరు తక్ జొమ్నే. వయసు డెబ్భై తొమ్మిది. ఉండేది సియోల్‌లో చాంగ్‌శిన్ కొండ మీద, మెట్లు అయిపోయే చోట, ఒక గది, ఒక వంటిల్లు. ఇంట్లో మనుషులు: నేను. మొగుడు పోయి యాభై రెండేళ్ళు. పిల్లలు లేరు. ఇది రాస్తున్నది కింద ఇస్త్రీ కొట్టు కుక్ యొన్‌జా, ఎందుకంటే నాకు అక్షరం రాదు. పోలీసులకో కోర్టుకో రాయించాల్సి వస్తే ఆ కాగితాలు వేరే. ఈ పుస్తకం నాకోసం. చెప్పింది చెప్పినట్టు రాయాలి, అందం చేయకూడదు అని ఒప్పందం. బదులుగా దాని ఇంటికి ఈ ఏడాది కిమ్చీ పచ్చడి పెట్టే పని నాది.

ఇవాళ పొద్దున గుమ్మం బయట ఎవరో ఆడమనిషి "తక్ జొమ్నే! బయటికి రా!" అని కేక పెట్టింది. ఎవరినో పిలుస్తోందనుకుని ముల్లంగి తరుగుతూ కూర్చున్నాను. మూడో కేకకి నా కత్తి ఆగింది. ఆ పేరు నాదే. మొగుడు పోయాక మున్‌గాంగ్ కంపెనీల వాళ్ళ ఇంట్లో వంటకి కుదిరాను. నలభై అయిదేళ్ళు నన్ను వాళ్ళు పిలిచింది కొక్సొంగమ్మ అని, మా ఊరి పేరు పెట్టి. కొండ మీద మామ్మ అంటారు. జొమ్నే అన్నవాళ్ళందరూ చచ్చిపోయారు.

తలుపు తీశాను. యాభై ఎనిమిది, అరవై ఉంటాయి. ముంజేతుల నిండా నూనె మచ్చలు. వంటమనిషి అని చూడగానే తెలిసింది.

"నువ్వేనా పెక్దో కంపెనీ ఓనరువి?"

"ఏ కంపెనీ తల్లీ? నేను వంటమనిషిని."

"నేనూ వంటమనిషినే. స్కూల్లో ఎనిమిది వందల మందికి వండుతాను. నా కొడుకుని గాలి లేని ట్యాంకులోకి దింపి చంపిన కంపెనీ నీ పేరు మీదుంది. ఇదిగో, చదువుకో!"

చదువుకో అంటూ కాగితం నా మొహం మీదికి తోసింది. తలకిందులుగా పట్టుకున్నాను. అప్పుడు ఆవిడ అరుపు ఆపి నన్నే చూసింది.

ఆ అబ్బాయి పేరు పియొన్ హ్యొన్‌ముక్. ముప్ఫై ఒకటి. ఈ నెల పదిహేడున పోయాడు. ఓనరు వచ్చి అతని ఫొటో ముందు రెండుసార్లు సాష్టాంగపడేదాకా శవాన్ని ఆసుపత్రి నించి కదపనంది తల్లి.

జనవరి 31

పోలీసులు వచ్చి వెళ్ళారు. ఓనరు నేనే. ముద్ర నాదే.

ముద్ర సంగతి చెబుతాను. మున్‌గాంగ్ ఇంటి మేడమ్‌గారు నన్ను వార్డు ఆఫీసుకి తీసుకెళ్ళి నా పేరు ముద్ర నమోదు చేయించిన రోజు వాన. కొయ్యది, చిటికెన వేలంత. సంతకం కంటే దానికే విలువ. బయటికి రాగానే, "కొక్సొంగమ్మా, నువ్వు పారేసుకుంటావు, నా సొరుగులో ఉంచుతాలే" అన్నారు. నాకు గర్వం. ఆవిడ ముత్యాల పక్కన నా పేరు పడుకుంటోందని. ఏటా వసంతంలో కాగితాలు వచ్చేవి, ఆవిడే ముద్ర కొట్టేవారు. ఒకసారి నవ్వుతూ వంటింట్లోకొచ్చి, "ఇక నువ్వూ ఓనరమ్మవే" అన్నారు. "ఓనరమ్మకి ముల్లంగి ఎవరు తరుగుతారండీ?" అన్నాను. అందరం నవ్వాం. అందరికంటే ఎక్కువ నేనే నవ్వాను.

రాస్తూ రాస్తూ యొన్‌జా, "అక్కా, ఇలాంటివాళ్ళని లాగూ ఓనరు అంటారు" అంది.

"లాగూ ఏమిటే?"

"లాగూకేం తెలుసు? తొడుక్కున్నవాడు ఎటు నడిస్తే అటు. తీరా తడిసేది మాత్రం లాగూయే."

ఇది రాయకు అన్నాను. రాసింది.

ఫిబ్రవరి 3

హ్యొన్‌ముక్ తల్లి మళ్ళీ వచ్చింది. ఈసారి అరవలేదు. అన్నం పెట్టాను, ముట్టలేదు.

"నేను ఓనర్ని కాదమ్మా. ముద్ర కొట్టింది మున్‌గాంగ్ మేడమ్‌గారు, కొట్టింది మూడో కొడుకు కోసం. అసలు ఓనరు ఆ మూడో బాబే. నేనే తీసుకొచ్చి నీ కొడుకు ముందు మోకాళ్ళ మీద కూర్చోబెడతాను" అన్నాను.

"ఎవరూ, వైస్ ఛైర్మన్ సొక్ క్యుహానా? నీ మాట మీద?"

"నా వీపు మీద పెరిగాడు వాడు. నాలుగేళ్ళు వచ్చేదాకా దించితే ఏడిచేవాడు."

"మామ్మా, నా కొడుకు వాళ్ళ అపార్ట్‌మెంట్‌లో అద్దెకుండేవాడు. వాళ్ళ ఫోన్లో మాట్లాడేవాడు. వాళ్ళ నూడుల్స్ తిని పనికెళ్ళేవాడు. ఇప్పుడు పడుకున్న ఆసుపత్రి కూడా వాళ్ళదే. వాళ్ళు కట్టని చోటు ఎక్కడైనా ఉంటే చెప్పు, అక్కడికి తీసుకుపోయి కాలుస్తాను. వాళ్ళు నీ మాట వింటారా!"

వింటాడు అన్నాను. నాకు తెలుసు. కిమ్చీ ఆకు కత్తితో కోస్తే తినేవాడు కాదు. నా చేత్తో నిలువుగా చీల్చి అన్నం మీద పరిస్తేనే తినేవాడు.

ఫిబ్రవరి 6

మూడో బాబు ఆఫీసుకి ఫోను చేయించాను. తీసిన అమ్మాయి ఎవరని అడిగితే, యొన్‌జా గొంతు సవరించుకుని, "తక్ జొమ్నే గారు" అని ఎంతో మర్యాదగా చెప్పింది. కబురు పెడతామన్నారు.

ఫిబ్రవరి 7

కబురు లేదు.

ఫిబ్రవరి 8

లేదు. పండగ ముందు పెద్ద ఇళ్ళలో ఎంత పనో నాకు తెలియదా.

ఫిబ్రవరి 10

కొత్త సంవత్సరం. ఒక్కదానికే బియ్యప్పిండి బిళ్ళల సూపు చేసుకున్నాను. చేయి ఊరుకోక నలుగురికి సరిపడా అయింది.

ఆ ఇంట్లో ఈ రోజుకి మూడు రోజుల ముందే పెద్దల పూజకి పళ్ళేలు పేర్చడం మొదలుపెట్టేదాన్ని. చేప తల ఏ దిక్కుకో, ఏ పండు పక్కన ఏ పండో నాకు తెలిసినట్టు ఆ ఇంటి కొడుకులకి తెలియదు. పూజ మాత్రం తలుపు సందులోంచి చూసేదాన్ని. ఒక ఏడు, బాబుకి ఏడేళ్ళు, పూజ అవకముందే పళ్ళెంలోంచి ఒక అరిసె తీసుకొచ్చి నా నోట్లో పెట్టాడు. మేడమ్‌గారు చూశారు. చేయి విసురుగా వచ్చి నా చెంపకి తగిలింది. కొట్టాలని కాదు. తగిలింది.

అలాంటి పిల్లాడు రాకుండా ఉంటాడా.

ఫిబ్రవరి 16

ప్రభుత్వం ఇచ్చిన లాయరు వచ్చింది. దో అనే చిన్న పిల్ల, మెట్లెక్కి పావుగంట రొప్పింది. నా పేరే ఎందుకు వాడుకున్నారని అడిగాను.

"మామ్మగారూ, పెక్దోకి పనంతా మున్‌గాంగే ఇస్తుంది, లాభం మూడో అబ్బాయికి చేరుతుంది. దాంతో రేపు వాటాలు కొని తండ్రి కుర్చీ ఎక్కాలి. బంధువుల పేరు మీదుంటే ప్రభుత్వం పట్టుకుంటుంది, డ్రైవరు పేరుంటే కూపీ లాగుతారు. వంటింట్లోకి ఎవరు తొంగి చూస్తారు?"

"మనిషి చచ్చిపోతే బాధ్యత ఎవరిది?"

"ఓనరుది. చట్టం గట్టిది. అందుకే మీకు జైలు." తల వంచుకుని చెప్పింది. "ముద్ర వాళ్ళ దగ్గరే ఉండేదని వాళ్ళలో ఒక్కరు చెబితే చాలు, మీరు బయటపడతారు. ఇంకొక్కటి. ఆ అబ్బాయి ఫొటో ముందు మాత్రం మీరు వంగకండి. వంగారా, ఓనరు క్షమాపణ చెప్పినట్టే. ఫొటో తీసి కోర్టులో పెడతారు. ఇక నేనేమీ చేయలేను."

"మరి ఆ పిల్లవాడు అక్కడే ఉంటాడా, చలిలో?"

దానికి చట్టంలో జవాబు లేదట.

ఫిబ్రవరి 20

మూడో బాబు సెక్రటరీ బాన్ వచ్చాడు. కుర్రాడిగా ఆ ఇంటికి బక్కచిక్కి వచ్చి, నా చేతి వంకాయ కూర తిని ఒళ్ళు చేశాడు. ఇప్పుడు బూట్లు విప్పడానికి తటపటాయించాడు.

"ఎలా ఉన్నావు కొక్సొంగమ్మా? మోకాళ్ళు ఎలా ఉన్నాయి?"

"ఉన్నాయి. బాబు ఎప్పుడొస్తాడు?"

"వైస్ ఛైర్మన్‌గారికి తీరిక ఉండదమ్మా. వచ్చే నెల వాటాదారుల మీటింగు. ఆయన ఛైర్మన్ అవ్వాలి. ఆయన తడబడితే కంపెనీ తడబడుతుంది, కంపెనీ తడబడితే దేశమే తడబడుతుంది. లక్షన్నర మంది అన్నం తింటున్నారు."

"హ్యొన్‌ముక్ కూడా తిన్నాడు" అన్నాను.

వినిపించుకోలేదు. మెత్తగా చెప్పాడు: ఆసుపత్రికి వెళ్ళి ఆ ఫొటో ముందు రెండుసార్లు మొక్కు. ఆ తల్లికి శాంతి. నీ వయసుకి జడ్జీ జైల్లో పెట్టడు, పెట్టినా కొద్ది నెలలు. తర్వాత మంచి వృద్ధాశ్రమం, కిటికీలోంచి నది కనిపిస్తుంది. అది కూడా వాళ్ళదేనట.

"ఒరేయ్ బాన్, ముద్ర ఎవరి సొరుగులో ఉండేదో నువ్వెరగవా?"

"నాకు గుర్తులేదమ్మా."

"వంకాయ కూర గుర్తుందా?"

లేచి వెళ్ళిపోయాడు. లాయరు వంగొద్దంటుంది, వీడు వంగమంటాడు. ఇద్దరికీ నా నడుమే కావాలి.

ఫిబ్రవరి 28

పోలీసులు మూడో బాబుని రాతపూర్వకంగా అడిగారట. జవాబు వచ్చింది. లాయరు చదివింది: "తక్ జొమ్నే అనే పేరు నేను ఇంతవరకు వినలేదు. అలాంటి వ్యక్తితో నాకు పరిచయం లేదు."

లాయరు, "చూశారా అబద్ధం!" అని పళ్ళు కొరికింది.

నాకు నవ్వొచ్చింది. అబద్ధం కాదు. వాడికెలా తెలుస్తుంది? వాడి ముందు నా పేరు ఎవరు పలికారు? ఫోను చేసినప్పుడు కూడా మేం ఆ పేరే చెప్పాం. ఏడవాల్సిన చోట నవ్వుతున్నానని యొన్‌జా నా చేయి పట్టుకుంది. "కొక్సొంగమ్మ అని అడగమనవే. అప్పుడు చూడు" అన్నాను.

మార్చి 5

అడిగారు. జవాబు వచ్చింది. లాయరు చదవడానికి తటపటాయించింది.

"కొక్సొంగమ్మ మా ఇంట్లో పని చేసిన మంచి మనిషి. నన్ను పెంచింది. ఏడేళ్ళ కిందట మరణించినట్టు మా తల్లిగారి ద్వారా తెలిసింది."

ఒక పత్రికలో కూడా చెప్పాడట, తనని పెంచిన అమ్మ చివరి చూపు దక్కలేదని. కన్నీళ్ళు తుడుచుకుంటున్న ఫొటో కూడా వేశారట. యొన్‌జా ఫోన్లో వెదికి చూపించింది. నిజంగానే ఏడుస్తున్నాడు. నాకోసం.

ఎలా జరిగిందో నాకు వెంటనే తెలిసింది. ఏడేళ్ళ కిందట మోకాళ్ళు పట్టేసి పని మానేసినప్పుడు బాబు విదేశంలో ఉన్నాడు. తిరిగొచ్చి అడిగి ఉంటాడు, కొక్సొంగమ్మ ఏదీ అని. మేడమ్‌గారు అద్దం ముందు కూర్చుని, తల తిప్పకుండా, "కొక్సొంగమ్మా? పోయింది" అని ఉంటారు. ఇల్లు వదిలి పోయిందని ఆవిడ. వాడికి ఇంకోలా వినబడింది. ఒక్క మాట. ఎక్కడికి పోయింది అని వాడు అడగలేదు, చెప్పాలని ఆవిడకి తోచలేదు.

మార్చి 6

అన్నం బాగా తిన్నాను. వాడు నన్ను వదిలేయలేదు. చచ్చిపోయాననుకున్నాడు, అంతే. బతికున్నానని తెలిస్తే చాలు. హ్యొన్‌ముక్ తల్లికి కబురు పెట్టాను: పది రోజుల్లో తీసుకొస్తాను.

యొన్‌జా తల ఎత్తకుండా రాస్తోంది. అలా రాయకే, ఏదో ఒకటి అను అన్నాను. "బాన్ చెప్పి ఉండడా అక్కా?" అంది. బాన్ చెప్పడు. బాన్ దొంగ. అందుకే నేనే వెళ్ళాలి.

మార్చి 13

సొంగ్‌బుక్‌లో వాళ్ళ ఇంటి గేటు దగ్గర పొద్దున ఏడింటి నించి నిలబడ్డాను. కాపలావాడు కొత్తవాడు. "మామ్మా, ఇక్కడ నిలబడకూడదు" అంటే, "ఈ గోడ కట్టినప్పుడు మేస్త్రీలకి అన్నం పెట్టింది నేను, నువ్వు పుట్టలేదు" అన్నాను. నవ్వి ఒక అట్టముక్క ఇచ్చాడు, కూర్చోమని.

తొమ్మిది దాటాక కారు వచ్చింది. గేటు తెరుచుకునేలోపు ఆగుతుందని నాకు తెలుసు. వెనక అద్దం మీద అరచేత్తో కొట్టాను. "బాబూ! క్యుహా బాబూ! నేనురా!"

అద్దం దిగింది. మూడో బాబే. జుట్టు నెరిసింది. నన్ను చూశాడు. ఆ మొహం ఏడేళ్ళ పిల్లాడి మొహం అయిపోయింది, ప్రమాణం చేసి చెబుతాను. పెదాలు "కొక్సొంగ్" దాకా వచ్చాయి.

ముందు సీటులో బాన్ వెనక్కి తిరగలేదు. "సార్, రెండు వారాల్లో మీటింగు" అన్నాడు. అంతే అన్నాడు.

బాబు నన్నింకా చూస్తూనే ఉన్నాడు. కళ్ళు తడిసి ఉన్నాయి. తర్వాత, కొత్తవాళ్ళతో మాట్లాడేటప్పుడు ఎలా మాట్లాడాలో చిన్నప్పుడు నేనే నేర్పానే, ఆ మర్యాదతో అన్నాడు:

"క్షమించండి మామ్మగారూ. మా కొక్సొంగమ్మ పోయింది. మా అమ్మ చెప్పింది. చాలా ఏడ్చాను."

అద్దం పైకి లేచింది. నా వేళ్ళు నలగకుండా మెల్లగా లేపాడు. అది కూడా రాయి.

మార్చి 14

చెప్పడానికేం లేదు. యొన్‌జా వచ్చి కూర్చుని వెళ్ళింది.

మార్చి 16

లేదు.

మార్చి 21

లాయరుకి చెప్పకుండా ఆసుపత్రికి వెళ్ళాను. శవాన్ని ఉంచి పరామర్శలు జరిపే చావుల హాలు భూమి కింద అంతస్తులో ఉంది. మిగతా గదుల్లో జనం, దండలు, తాగి మాట్లాడే చుట్టాలు. చివరి గదిలో హ్యొన్‌ముక్ ఫొటో, అతని తల్లి, అతనితో పని చేసిన ముగ్గురు మగపిల్లలు. మంచినీళ్ళ మిషను దగ్గర మున్‌గాంగ్ పంపిన ఇద్దరు నల్ల కోట్లవాళ్ళు. రెండు నెలలుగా వంతులవారీగా ఉంటున్నారట, నేనెప్పుడు వస్తానా అని.

తల్లి నా వెనక చూసింది. వెనక ఎవరూ లేరు.

"రాలేదా?"

"రాడు."

"చెప్పానా మామ్మా. కూర్చో. సూపు వేడిగా ఉంది."

నేను కూర్చోలేదు. చెప్పులు విప్పి ఫొటో ముందుకి వెళ్ళాను. నవ్వుతున్నాడు అబ్బాయి. పక్కపన్ను కొంచెం వంకర.

ఆవిడకి అర్థమై నా కోటు పట్టి లాగింది. "వద్దు! నువ్వు వంగితే వాళ్ళు గెలిచినట్టే. నాక్కూడా చెప్పారు లాయరుగారు."

"అరవై నాలుగు రోజులైంది. ఇంకెన్నాళ్ళుంచుతావు వీణ్ణి?"

"ఓనరు వచ్చేదాకా."

"చూసొచ్చాను తల్లీ. ఓనరనేవాడు లేడు. ఉన్నది నేనే."

"నువ్వు లాగూవి! లాగూ వచ్చి మొక్కితే నా కొడుక్కి అందుతుందా?" అని నా మొహం మీద అరిచింది. అరిచి, కోటు వదిలేసింది.

నలభై అయిదేళ్ళు చచ్చినవాళ్ళకి పళ్ళేలు పేర్చాను. వాళ్ళ ముందు మొక్కడం ఎప్పుడూ నా వంతు రాలేదు. మోకాళ్ళు వంగవు. ముందు చేతులు ఆనించి, ఒక పక్కకి ఒరిగి, నుదురు నేలకి తాకించాను. ఒకసారి. మళ్ళీ లేవాలి. లేవలేకపోయాను. ఆ ముగ్గురు పిల్లల్లో ఒకడు చంక కింద చేయి వేసి లేపాడు. రెండోసారి. వెనక నల్ల కోట్లవాళ్ళ ఫోన్లు ఫొటోలు తీస్తూ టకటకమంటూనే ఉన్నాయి.

పరామర్శకి వచ్చినవాళ్ళకి ఇంటివాళ్ళు తిరిగి మొక్కాలి. ఆ తల్లి మొక్కలేదు. నేల మీద చతికిలబడి చాపని పిడికిళ్ళతో బాదింది. నేను పక్కన కూర్చున్నాను. కొంతసేపటికి సూపు తెచ్చి నా ముందు పెట్టింది. తిన్నాను. కారం ఎక్కువైంది.

మార్చి 22

హ్యొన్‌ముక్‌ని దహనం చేశారు.

పేపర్లో నా ఫొటో, నుదురు నేల మీద. "పెక్దో యజమానురాలు తక్ జొమ్నే క్షమాపణ." దాని కింద, "మున్‌గాంగ్ గ్రూపు సంతాపం." యొన్‌జా రెండుసార్లు చదివింది. పేరు తప్పు లేకుండా వేశారట.

లాయరు వచ్చి గుమ్మంలోనే నిలబడి ఏడిచింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

మార్చి 29

నిన్న మీటింగు అయింది. సొక్ క్యుహా ఛైర్మన్ అయ్యాడు. టీవీలో చూశాను. మున్‌గాంగ్‌లో పని చేసే ప్రతి ఒక్కరూ నా కుటుంబమే అన్నాడు. చప్పట్లు. సాయంత్రం పోలీసులు కాగితం తెచ్చారు. నేరం మోపింది నా ఒక్కదాని మీదే. కోర్టు మే నెలలో.

ఈ పుస్తకం కోర్టులో పనికిరాదంది లాయరు. పనికిరాకపోతే పోయింది. నా మాట నాకు కావాలి కనుక చివరగా ఇది రాయి.

పెక్దో ఎక్కడుందో నేను చూడలేదు. ఆ ట్యాంకు చూడలేదు. హ్యొన్‌ముక్‌ని బతికుండగా చూడలేదు. నా ముద్ర ఒక్కపూట కూడా నా చేతిలో లేదు. అయినా అది ఎవరి చేతిలో ఉందో ఇన్నేళ్ళూ తెలుసు, తెలిసీ గర్వపడ్డాను. దానికి జైలుకి పంపితే పంపండి. మొక్కింది నేనే. ఓనరుగా మొక్కలేదు. ఎవరో ఒకరు మొక్కకపోతే ఆ పిల్లవాడు అక్కడే ఉండిపోతాడని మొక్కాను. మూడో బాబు అబద్ధం చెప్పాడని నేను ఎక్కడా చెప్పను. వాడు చెప్పినట్టు కొక్సొంగమ్మ పోయింది. మార్చి పదమూడున, తొమ్మిది దాటాక, వాళ్ళ గేటు దగ్గర.

ఇదంతా నాకు రెండుసార్లు చదివి వినిపించారు. ఒకసారి యొన్‌జా, ఒకసారి ఆ తల్లి. రెండుసార్లూ ఒక్కలాగే ఉంది. లోపల ఏముందో తెలిసి నేను వేస్తున్న మొదటి ముద్ర ఇది.

తక్ జొమ్నే, కుడి బొటనవేలు.

సాక్షులు:
కుక్ యొన్‌జా, ఇస్త్రీ కొట్టు.
మెంగ్ ఇల్సున్, స్కూలు వంటమనిషి, హ్యొన్‌ముక్ తల్లి.